చివరి వీధి గొట్టంలో నా గిటార్

మా ఆర్కెస్ట్రాలో పాడే అక్క ఆ వేసవిలో మాట్లాడటం మానేసింది. గొంతులో వాపు ఉందనీ, పాట తప్పదంటే మాటలైనా ఆపమనీ మార్కాపురంలో డాక్టరు చెప్పాడట. తిరునాళ్ల రోజుల్లో పాట ఆపితే ఆమెకు ఇల్లు గడవదు. అందుకని మాట ఆపింది. రెండు కుర్చీల అవతల కూర్చుని కూడా నాకు ఫోన్‌లో మెసేజ్ పెట్టేది. ఎలాగూ నా చేతిలోంచి ఫోన్ దిగదు కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

నేను హైదరాబాద్‌లో పెరిగినవాణ్ని. అక్కడ చేరిన బ్యాండ్లన్నీ విడిపోయాయి. రెండింటిని నా నోరే విడగొట్టింది. తెలిసినవాళ్లు చెబితే గిద్దలూరు వచ్చి ఈ ఆర్కెస్ట్రాలో పడ్డాను. నాతో వచ్చినవి ఒక గిటార్, దాని సౌండ్ పెంచే యాంప్ పెట్టె, ఒక పిచ్చి. ఎలక్ట్రిక్ గిటార్ పెద్ద సౌండ్‌లో కూడా వార్మ్‌గా, చెవిని గీరకుండా పలకాలి. గదిలో చిన్నగా వాయిస్తే ఎవరికైనా వస్తుంది. సౌండ్ పెంచామా, లావు శబ్దం బేస్ బుడబుడమంటుంది, సన్నటి శబ్దం ట్రెబుల్ రేకు మీద మేకు గీసినట్టు దిగుతుంది. చిన్న సౌండ్‌లో చెవికి అవి రెండూ సరిగా అందవు కాబట్టి మనమే ఎక్కువ పెట్టుకుంటాం. పెంచినప్పుడు రెండూ మీద పడతాయి. ఈ ముక్క తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది.

బేస్తవారిపేట దగ్గర ఒక ఊళ్లో తిరునాళ్ల. మధ్యాహ్నం ఎండలో, ఖాళీ మైదానం ముందు, చివరికి ఆ సౌండ్ దొరికింది. తీగ శబ్దాన్ని గరగరలాడించే గెయిన్ తగ్గించాను. బేస్, ట్రెబుల్ కోశాను. ఆ రెంటికీ మధ్య శబ్దం, మిడ్, బాగా పెంచాను. యాంప్‌ని నేల మీంచి తీసి ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి, వాల్యూమ్ తిప్పి, ఒక తీగ మీటాను. అంత శబ్దమూ మెత్తగా, బెల్లం పాకంలా సాగింది. వెంటనే ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను.

అక్క మెసేజ్ పెట్టింది: "బాగుండాది తమ్ముడా. మరి నేనెక్కడ పాడాల?"

జోక్ అనుకుని నవ్వే బొమ్మ ఒకటి పంపాను. తర్వాత టెస్టింగ్‌కి ఇద్దరం ఒక పాట పూర్తిగా వాయించి పాడాం.

ఆ ఊళ్లో చందా ఇచ్చిన ప్రతి వీధికీ పాట వినపడాలి. అందుకని స్తంభం స్తంభానికీ మైకు గొట్టాలు కట్టి ఊరి చివరిదాకా లాగుతారు. కమిటీ పెద్దాయన చివరి వీధిలో నిలబడి విని, ఫోన్‌లో తీర్పు చెబుతాడు. ఫోన్ ఎత్తేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నా నంబరు ఇచ్చారు. పాట అయిపోగానే మోగింది.

"అబ్బాయ్, పాటెప్పుడు మొదలుపెడతారు?"

"ఇప్పుడే అయిపోయింది కదా! అక్క పాడింది."

"ఏ అక్క? ఈడ బర్రె అరిచింది. ఈనబొయ్యే బర్రె."

"అది గిటార్!"

"గిటారో, గిత్తో, నాకెట్ల తెలుస్తాది నాయనా? ఆయమ్మ గొంతే ఇనపడల్యా. గట్టిగా పాడమను."

"అయితే మీరే వచ్చి వాయించుకోండి!" అని పెట్టేశాను.

పెద్దాయన మళ్లీ చేయలేదు. గొట్టం కింద రికార్డ్ చేసిన ముక్క పంపాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఆ గొట్టాల్లో బేస్ రాదు, సన్నటి పైశబ్దాలూ రావు. వచ్చేదంతా మిడ్డే. అక్క గొంతు ఉండేదీ అక్కడే, నేను నింపి పెట్టిందీ అక్కడే. నా మెత్తటి పాకం నిజంగానే బర్రెలా ఉంది. దాని వెనక ఎక్కడో దూరంగా ఒక మనిషి కేకలు పెడుతోంది.

తలెత్తితే అక్క గొంతు పట్టుకుని వేడినీళ్లు తాగుతోంది. మెసేజ్ వచ్చింది: "నా పాట నాకే ఇనపడక అరిచినా. ఇట్ల ఇంకో పాట పాడితే ఈ గొంతు ఇంక లేవదు."

కోపం వచ్చింది. పెద్దాయన మీద, గొట్టాల మీద, దొరికి పూట కూడా నిలవని ఆ టోన్ మీద. తిట్టడానికి ఓపిక లేదు. వాల్యూమ్ తగ్గించి చూశాను, బర్రె చిన్నదైంది, అంతే. చివరికి మిడ్ మొత్తం తీసేశాను. గిటార్ బిస్కెట్ డబ్బాలా మోగింది.

దీపాలు పెట్టే వేళకి జనం నిండారు. తన గొంతు తనకు వినపడటానికి అక్క ఈసారి చెవి మూసుకోలేదు, మెడ నరాలు లేవలేదు. పై స్థాయి వచ్చినచోట కూడా మామూలుగా నిలబడే పాడింది. పక్కన నేను డబ్బా వాయించాను. ఏ వీధి నుంచీ ఫోన్ రాలేదు. మధ్యలో పెద్దాయనే వేదిక దగ్గరికి వచ్చి, "బర్రెను తోలేసినావా అబ్బాయ్?" అన్నాడు. అక్క శబ్దం రాకుండా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఉదయం దర్శిలో ఇంకో తిరునాళ్లకి పోయే వ్యాన్‌లో యాంప్ నా కాళ్ల మీద ఉంది. ముందు సీట్లోంచి అక్క మెసేజ్: "నిన్న మధ్యాహ్నం వాయించిందుంటే పంపు."

పంపాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కిటికీకి తల ఆనించి, మొత్తం విన్నది. తర్వాత టైప్ చేసింది.

"శానా బాగుండాది తమ్ముడా. ఈ పొద్దు మాత్రం వద్దు."

"సరే" అని కొట్టి కళ్లు మూసుకున్నాను.