స్పానిష్ గదిలో గొంతు

రాయ్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న ఆ రోజుల్లో, నర్సింగు సీటు రాని రైల్వే కాలనీ ఆడపిల్ల ఏం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. మా నాన్నకి (గార్డుగా చేసేవారు, దేనికైనా పచ్చజెండా ఊపడం అలవాటు) ఎవరో ఒక కాలేజీ సంగతి చెప్పారు. పాత బంగళాలో నడిచే ఆ కాలేజీ వాళ్ళు సర్టిఫికెట్టు ఇవ్వాలంటే మూడు చదవాలి: బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలకి తోడ్పడే శిక్షణ, నలుగురిలో మాట్లాడే విద్య, స్పానిష్. మొదటి రెండిటికీ మూడోదానికీ సంబంధం ఏమిటని అడిగే ధైర్యం మాకు లేదు. స్పెయిన్ నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిపోయిన ముసలి టీచరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడకి వచ్చింది అది, కాబట్టి మాకు రావలసిందీ అదే. సుద్దముక్కతో బల్లమీద మూడుసార్లు కొట్టి, "బ్వేనస్ తార్దేస్, సెన్యొరీతాస్. సియెంతెన్సె" అనేది. నమస్కారం అమ్మాయిలూ, కూర్చోండి అని. మేం కూర్చునేవాళ్ళం. ఏడాది మొత్తంలో నాకు వంటబట్టిన స్పానిష్ అంతే.

కాలేజీ పెరట్లోనే అలాంటి పిల్లల బడి ఉండేది. మాలో ఒక్కొక్కరికి ఒక్కో పిల్లని అప్పగించారు. నా వంతుకి పదేళ్ల చిరై వచ్చింది (ఛత్తీస్‌గఢీలో పిట్ట అని అర్థం, వాళ్ళమ్మ పెట్టుకున్న ముద్దుపేరు). రెండేళ్లుగా బడికి వస్తున్నా ఆ పిల్ల నోట ఒక్క మాట రాలేదు. ఏప్రిల్లో పరీక్షాధికారి వచ్చేనాటికీ మాట్లాడకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అంటే ఏమిటో నాకు తెలుసు. వాళ్ళమ్మ గుఢియారీ బజార్లో కూరగాయలు అమ్మేది, బడి లేని రోజున పిల్లని గదిలో పెట్టి తాళం వేసి వెళ్ళేది. నేను రోజూ ఎదురుగా కూర్చుని, "బోల్ నా చిరై, బస్ ఏక్ బార్", ఒక్కసారి మాట్లాడవే అని ముందు బతిమాలేదాన్ని, తర్వాత విసుక్కునేదాన్ని, ఆఖర్న ఏడ్చేదాన్ని. చిరై ఇవన్నీ ఓపిగ్గా చూసి, లేచి వెళ్ళి టీచరమ్మ బల్ల కింద చల్లటి గచ్చు మీద పడుకునేది. టీచరమ్మ కాళ్ళు పక్కకి జరుపుకుని పాఠం చెప్పుకుపోయేది.

క్రిస్మస్ వెళ్ళిన వారానికి టీచరమ్మ నిద్రలోనే పోయింది. ఆవిడ పాఠం చెప్పే గదికి తాళం వేశారు. మార్చిలో ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకి వెళ్ళాక, వరండాలో ఒక్కదాన్నే నిలబడి చిరై గురించి రిపోర్టులో ఏం రాయాలా అని పెన్ను కొరుకుతున్నాను. వేడిగాలి తప్ప చప్పుడు లేదు. తాళం వేసిన గదిలోంచి టక్, టక్, టక్. ఆ వెంటనే, వణుకుతున్న ముసలి గొంతు: "బ్వేనస్ తార్దేస్, సెన్యొరీతాస్. సియెంతెన్సె." దయ్యాన్ని చూసి పారిపోయేవాళ్ళ గురించి విన్నాను. నేను పారిపోలేదు. వరండాలో కిందే చతికిలబడి కూర్చున్నాను. ఆవిడ చెప్పాక నిలబడటం నాకు చేతకాలేదు.

చౌకీదారు బీడీ ఆర్పుతూ వచ్చి నన్ను చూశాడు. "మేడమ్ హ ఆజో పఢావత్ హే, నోనీ" అన్నాడు, మేడమ్ ఇవాళ కూడా పాఠం చెబుతోందమ్మా అని. వారం నుంచీ వింటున్నాడట. ఆ మాట తాపీగా అనేసి ఇంకో బీడీ వెలిగించుకున్నాడు.

మా ఇంట్లో ఏ కష్టానికైనా మందు ఒకటే, పెద్దమ్మ ప్రార్థన. అమ్మకి అక్క, రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ప్రార్థనకి ముందు "ఖ్హుఁ, ఖ్హుఁ" అని రెండుసార్లు గొంతు సవరించుకుంటే కాలనీలో కుక్కలు కూడా సర్దుకునేవి. సంగతంతా ఆవిడకి చెప్పాను.

"స్పెయిన్ భూత్ కదే, మన తెలుగు దానికి సమఝ్ అవుతుందంటావా?"

"కాకపోతే ఎలా పెద్దమ్మా?"

"జోర్‌గా చేద్దాం."

మర్నాడే నలుగురు ఆడవాళ్ళు రెండు రిక్షాల్లో బైబిళ్ళతో దిగారు. తాళం వేసిన తలుపు ముందు పెద్దమ్మ గొంతు సవరించుకుని, "ప్రభువా, ఇందులో ఎవరున్నా సరే, వాళ్ళని నెమ్మదిపరచు తండ్రీ, భయం తీసెయ్యి తండ్రీ" అని అరగంట చేసింది. ఆ రోజూ మర్నాడూ గది నిశ్శబ్దంగా ఉంది. నేను గర్వపడ్డాను.

మూడోనాడు మధ్యాహ్నం అదే వరండా, అదే తాళం. లోపల "ఖ్హుఁ, ఖ్హుఁ." తర్వాత, "ప్రభువా, ఇందులో ఎవరున్నా సరే..." అచ్చంగా మా పెద్దమ్మే. మాట చివర ఊపిరి తీసుకోవడంతో సహా. నా ప్రాణం పోయినంత పనైంది. ఆ గదిలో చనిపోయినవాళ్ళే మాట్లాడతారని అప్పటికి నేను తీర్మానించుకున్నాను కదా. ఏడుస్తూ సైకిలు తొక్కి ఇంటికొస్తే పెద్దమ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది.

"నువ్వు బతికే ఉన్నావా పెద్దమ్మా?"

"పొద్దుట్నించీ ఉన్నానే. ఏమైంది?"

చెప్పాను. పెద్దమ్మ చేట పక్కన పెట్టింది. "పోయినామె గొంతూ వచ్చి, బతికున్న నా గొంతూ వచ్చిందంటే అది భూత్ కాదే పిచ్చిదానా. మా ఇద్దరి మాటా విన్నవాళ్ళెవరో లోపల ఉన్నారు." (గమనించడం ఎలా అన్న పేపర్లో క్లాసులో నాకే ఎక్కువ మార్కులు. పెద్దమ్మ చదివింది నాలుగో క్లాసు.)

ఇద్దరం వెళ్ళి పెరటివైపు చూస్తే ఆ గది వెనక తలుపు గడియ ఊడిపోయి ఉంది. లోపల బల్ల కింద, చేతిలో సుద్దముక్కతో చిరై.

పరీక్షాధికారి వచ్చిన రోజు హిందీలో ఎన్ని అడిగినా చిరై కిటికీ వైపే చూసింది. ఆయన కలం తెరిచాడు. నేను సుద్దముక్క తీసి బల్లమీద మూడుసార్లు కొట్టాను. చిరై లేచి చనిపోయిన మనిషి గొంతుతో అందర్నీ కూర్చోమంది, బతికున్న మనిషి గొంతుతో అందరి భయమూ తీసెయ్యమని ప్రార్థించింది. ఆయన కూర్చుండిపోయాడు.

"యే కౌన్‌సీ భాషా హై?" అన్నాడు, ఇదేం భాష అని.

"పహ్‌లే స్పానిష్, ఫిర్ తెలుగు, సర్."

"ఔర్ హిందీ?"

"అగ్‌లే సాల్, సర్" అన్నాను, వచ్చే ఏడాది అని.

సీటు నిలిచింది.

పెద్దమ్మ పోయి ఇప్పటికి మూడు నెలలు. నేను ఇప్పుడు అలాంటి బడిలోనే పాఠాలు చెబుతున్నాను. చిరై గుఢియారీలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతుంది, కావలసిన నాలుగు మాటలూ సొంత గొంతుతోనే మాట్లాడుతుంది. నిన్న మధ్యాహ్నం బెంగ పట్టలేక వెళ్ళి, వాళ్ళ తక్కెడ పెట్టె మీద వేలితో మూడుసార్లు కొట్టాను. చిరై తల ఎత్తకుండా "ఖ్హుఁ, ఖ్హుఁ" అంది. బజారు మధ్య మా పెద్దమ్మ నన్ను నెమ్మదిపరచమని దేవుణ్ణి అడిగింది. గోనె మీద కూలబడి ఏడ్చాను.

అక్కడితో ఆగలేదు. ప్రార్థన అయ్యాక ఇంకో గొంతు వచ్చింది, ఇరవయ్యేళ్ల అమ్మాయిది, విసుగ్గా, ఏడుపు దిగమింగుకుంటూ: "బోల్ నా చిరై, బస్ ఏక్ బార్." ఎవరీ ఓపిక లేని పిల్ల అనుకున్నాను. ఒళ్ళు జలదరించాక గాని ఆ గొంతు నాదేనని తెలియలేదు. దానికి జవాబు చెప్పేవాళ్ళు అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి, "మాట్లాడుతుందిలేవే, ఏడవకు" అని చెప్పి, రెండు కట్టల కొత్తిమీర తీసుకుని ఇంటికొచ్చాను.