చేపలామె మరదలు

తొంభైల చివర శామీర్‌పేటలో మా నాయిన మెడికల్ షాపులో నేను కూర్చునేదాన్ని. చెరువు చేపలమ్మే ఒకామె అప్పుడప్పుడు వచ్చేది. గంప బయట దించి, మగవాళ్లంతా వెళ్లేదాకా దగ్గుబిళ్లల సీసా చూస్తూ నిలబడేది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"మా మరదలికి మల్ల తెల్లబట్ట అయితాంది బిడ్డా. మస్తు దురద. వేడి జేసిందంటాంది."

"వేడి కాదు పెద్దమ్మా, ఫంగస్. జాడీల తొక్కుపచ్చడికి బూజు పట్టినట్టే. డాక్టరమ్మకు చూపియ్యమను."

"గామెకు సిగ్గు. రాదు."

పూతమందు ఇచ్చేదాన్ని. నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది.

ఆ మరదలు ఎవరో రెండోసారికే అర్థమైంది. నిలబడలేక ఆమె కాళ్లు మార్చుకునే తీరే చెప్పింది. అయినా నేనూ "మీ మరదలు" అనే మాట్లాడాను. అదే మర్యాద అనుకున్నాను.

అది మాటిమాటికీ తిరగబెడితే షుగర్ ఉండొచ్చని ఒక డాక్టరమ్మ చెప్పింది. అప్పుడైనా "నువ్వు పరీక్ష చేయించుకో" అనాల్సింది.

"మీ మరదల్ని రక్తపరీక్ష చేపిచ్చుకోమను పెద్దమ్మా," అన్నాను.

"చెప్త," అంది.

ఆ వానాకాలమంతా ఆమె రాలేదు. తర్వాత ఒకరోజు షాపు ముందు ఆటో ఆగింది. లోపలి నుంచి ఆమె చీటీ చాచింది. అందులో షుగర్ మందులు రాసున్నాయి. కాలికి లావుపాటి కట్టు. పుండు మానక రెండు వేళ్లు తీసేశారట.

చీటీ చూసి మందులు తీసి ఇచ్చాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గామెకు చెప్పిన బిడ్డా. ఇనలే."