దిష్టి తాడు లాగిన ట్రైలరు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ పోగేస్తే ఒక ట్రైలరు నిండుతుంది. ఆ ట్రైలరును కూడా ఒకసారి నడిరోడ్డు మీద వదిలేసి, వదిలేసిన సంగతే తెలియకుండా తిరుపతి దాకా దర్జాగా వెళ్ళిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు చెప్పబోయేది ఆ కథే. వదిలేసినప్పుడు ట్రైలర్లో నిండు చూలు ఆవు ఉంది. ఆవు పక్కన మా పెద్దమ్మ ఉంది. ఇంతవరకు చదివి మీకు నా మీద కోపం వస్తే ఆ తప్పు మీది కాదు.

తొంభైల చివరి మాట. తిరుపతిలో బీకాం ముగించి, ఉద్యోగం వచ్చేదాకా ఊళ్ళో ఉంటానని అందరికీ చెబుతూ, పాకాల పక్కన మా ఊళ్ళోనే వేళ్ళు దిగిపోతున్న రోజులు. మా నాయనకు ఒక పొట్టి జీపు ఉండేది. ముందు ఇద్దరు కూర్చుంటే వెనక నాలుగు టమాటా గంపలకు మాత్రమే చోటు. దానికొక హుక్కు బిగించి, పెరట్లో ఊరికే పడి ఉన్న రెండు చక్రాల ట్రైలరును తగిలిస్తే లోకం మారిపోతుందని నాకు ఒక పొద్దున తోచింది. తోచగానే చేసేయడం నా స్వభావం. ఆలోచించడం మా నాయన స్వభావం. అందుకే మా ఇద్దరికీ పడేది కాదు.

"జీపుకు తోక యెందుకురా?" అన్నాడు నాయన.

"తోక కాదు నాయనా, హుక్కు. రేపటి నుంచి మన గంపలన్నీ ఒకే తూరి పోతాయి."

"పోతాయి సరే. యాడికి పోతాయనేదే నా బాధ."

పాకాలలో వెల్డింగు షాపు ముందు కూర్చుని దగ్గరుండి హుక్కు చేయించాను. పెద్ద చిక్కుముడేమీ కాదు. జీపు వెనక రెండు ఇనప రేకులు, పైదొకటి, కిందదొకటి, రెండింటికీ బెజ్జాలు. ట్రైలరు మూతికి ఉన్న ఇనప వలయం ఆ రెండు రేకుల మధ్యలోకి వస్తుంది. పైనుంచి బొటనవేలంత లావు పిన్ను ఒకటి దించితే రేకులూ వలయమూ ఒకటవుతాయి. పిన్ను ఉంటేనే బంధం, లేకపోతే ఎవరి దారి వారిది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

వైరింగు మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు, నేనే చేశాను. జీపు లైట్ల నుంచి ట్రైలరు లైట్లకు వైర్లు లాగి, మధ్యలో ఒక ప్లగ్గు పెట్టి, నాయనను వెనక నిలబెట్టి పరీక్ష మొదలుపెట్టాను.

"నాయనా, ఎడం పక్కది ఎలగతా ఉండాదా?"

"ఎలగతా ఉండాది. కుడి పక్కది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు రెండూ ఆరిపోయినాయి. ముందర వైపరు తిరగతా ఉండాది."

సాయంత్రానికి అన్నీ దారికొచ్చాయి, ఒక్కటి తప్ప. బ్రేకు తొక్కితే ఎర్ర లైటుతో పాటు హారన్ కూడా మోగేది. ఎన్ని వైర్లు మార్చినా దాని అలవాటు మారలేదు. చివరికి నేనే మారి, అది కావాలని పెట్టిందే అన్నాను.

"మనం ఆగతా ఉండామని యెనకోళ్ళకు తెలియాల గదా నాయనా."

"ఎర్ర లైటు ఎలగతా ఉండాది గదరా."

"కండ్లు మూసుకోని తోలేవోళ్ళు ఉంటారు. వాళ్ళకు."

"కండ్లు మూసుకోని బండి తోలేవోడు యాడుంటాడు?" అన్నాడు నాయన. ఆయన ప్రశ్నకు జవాబు మర్నాడు మధ్యాహ్నానికల్లా దొరికింది.

మర్నాడు శుక్రవారం. మా ఇంట్లోకి కొత్త గ్రైండరు వచ్చినా కుంకుమ పెట్టకుండా పప్పు రుబ్బరు. మరి హుక్కంటే మాటలా. ట్రైలరును జీపు వెనక్కి తోసి, వలయాన్ని రేకుల మధ్య ఆనించి, పూజకు సిద్ధం చేశాం. పిన్నును నేనే కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పళ్ళెంలో టెంకాయ పక్కన పడుకోబెట్టాను. నాయన హుక్కు చుట్టూ బంతిపూల హారం వేశాడు. దిష్టి తగలకుండా నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన లావుపాటి నల్ల తాడు తెచ్చి, వలయంలోంచి దూర్చి బంపరుకు గట్టిగా కట్టాడు. పనిలో పనిగా జీపుకున్న ఒక్క పక్కద్దానికి కూడా నిండుగా గంధం పూసి మధ్యలో బొట్టు పెట్టాడు. అద్దంలో ఇక దేవుడు తప్ప ఎవరూ కనబడరు. హారతి ఇచ్చి టెంకాయ కొట్టాడో లేదో, మా పెద్దమ్మ చెంగు బిగించుకుని పరుగున వచ్చింది.

పెద్దమ్మ అంటే మా నాయన అన్న భార్య. పెదనాయన పోయాక ఆమెకు మిగిలింది ఒక గది ఇల్లు, ఒక జెర్సీ సీమావు. పొద్దున ఒక క్యాను, సాయంత్రం ఒక క్యాను పాలు కేంద్రానికి పోసి, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికింది. ఆ ఆవుతో ఆమె మాట్లాడినన్ని మాటలు మనుషులతో మాట్లాడగా నేను చూడలేదు.

"తెల్లారి నుంచి నొప్పులు పడతా ఉండాది. దూడ పెద్దదంట, ఈడ కాదంట. తిరుపతి పెద్దాసుపత్రికి తోలుకపోమన్నాడు పశువుల కాంపౌండరు," అంది ఆయాసంతో. "ఇంత పొద్దున నాకు లారీ యాడ దొరకతాది?"

నాకు పాపం అనిపించాల్సిన చోట సంబరం అనిపించింది. కొత్త హుక్కుకు అప్పుడే పని వచ్చింది.

"లారీ యెందుకు పెద్దమ్మా, మన ట్రైలరు ఉండాదే."

ఆమె వెనక్కి వచ్చి హుక్కు చూసింది. బంతిపూలు, మిరపకాయలు తప్ప ఇనుము కనబడటం లేదు.

"ఇది దారిలో ఊడిపోదు గదా?"

"ఏనుగును కట్టినా ఊడదు."

"ఏనుగు సంగతి నాకెందుకు. నాకుండేది ఒక్క ఆవు." కొంచెంసేపు నా మొహం చూసింది. "నీ బండి మీద నాకు నమ్మకం లేదు అబ్బోడా. నీ మీద ఉండాది. పద."

ఇంటి అటక పలకలు ఊడదీసి వాలుగా వేసి ఆవును ఎక్కించాం, దించేటప్పుడు కావాలని వాటిని ట్రైలర్లోనే పడేశాం. కింద వరిగడ్డి పరిచాం. పెద్దమ్మ పలుపు పట్టుకుని దాని మెడ పక్కనే కూర్చుంది, దిగమంటే దిగలేదు. ఆసుపత్రిలో మేతకని రెండు గడ్డిమోపులు జీపు వెనక కుక్కాను, దాంతో వెనక కిటికీ మూసుకుపోయింది. పళ్ళెంలో ఉన్నవన్నీ నాయన ఒక అరిటాకులో చుట్టి, జీపులో వెంకన్న పటం ముందు పెట్టాడు. టెంకాయ చిప్ప, నిమ్మకాయ, పూలు, ఇంకా బరువుగా ఏదో. ఇక చూసుకోండి, బయలుదేరాం.

ఆ రోజు ట్రైలరును లాగింది జీపు కాదు, నిమ్మకాయలు గుచ్చిన తాడు. మా నాయన కట్టిన ముడి అంత గట్టిది.

నేను మాత్రం రాజులా తోలాను. మలుపు తిరిగినప్పుడల్లా వెంకన్న ముందున్న ఆకు పొట్లం అటూ ఇటూ దొర్లి ఠంగుమనేది.

"దేవుని ముందర ఈ సప్పుడేందిరా?" అన్నాడు నాయన.

"టెంకాయ చిప్ప అయ్యుంటాది. ఒళ్ళో పెట్టుకో."

ఆయన పొట్లాన్ని భక్తిగా కళ్ళకద్దుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చంద్రగిరి ఇంకా రాకముందే రైలు గేటు దగ్గర ఒక మిట్ట ఉంది. మిట్ట ఎక్కుతుంటే జీపు మూలిగింది, ఒక్క కుదుపు కుదిపింది, ఆపైన లేడిపిల్లలా పరుగెత్తింది.

"సూసినావా నాయనా? ఇంజను ఇప్పుడు వేడెక్కి దారికొచ్చినాది."

వెనక నుంచి ఎక్కడో హారన్ మోగింది. బ్రేకు తొక్కకుండానే మోగుతోందంటే నా వైరింగు ఇంకొంచెం ముదిరిందనుకున్నాను. మళ్ళీ మోగింది, ఆగకుండా మోగింది. రోడ్డు పక్క టీ అంగడి దగ్గర ఇద్దరు ముగ్గురు లేచి నిలబడి చేతులు ఊపారు. మా పూలహారం చూసి ముచ్చటపడుతున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను. ఒకాయన రెండు చేతులూ ఊపాడు. నేను కూడా స్టీరింగు వదిలి రెండు చేతులూ ఊపాను.

తిరుపతిలో పశువుల ఆసుపత్రి ముందు బ్రేకు తొక్కగానే నా హారన్ మోగింది. ఆ మోతకు డాక్టరమ్మ చేతి తొడుగులతో సహా బయటికి వచ్చింది. మా కాంపౌండరు ముందే ఫోను చేసి ఉంచాడు.

"ఆవేదీ?"

"యెనకాల ఉండాది మేడం. సల్లంగా తెచ్చినాను, కుదుపు లేకుండా."

ఆమె వెనక్కి నడిచింది. అంతే వేగంగా తిరిగి వచ్చింది.

"వెనకాల ఆసుపత్రి గేటు ఉందండి. ఆవు లేదు."

పరాచికం అనుకుని నవ్వుతూ దిగాను. హుక్కు ఉంది. హారం సగం ఉంది. నల్ల తాడు ముక్క ఒకటి వేలాడుతోంది, చివర్లో ఒక మిరపకాయ. దాని పక్కన నా వైరింగు నేల మీద పడి ఉంది. నా వెనక నాయన నిలబడి అరిటాకు పొట్లం విప్పాడు. టెంకాయ చిప్పకూ నిమ్మకాయకూ మధ్యలో పసుపూ కుంకుమలతో పిన్ను పడుకుని ఉంది.

"ఒళ్ళో పెట్టుకోమంటివి గదరా," అన్నాడు.

ఇక్కడ నవ్వుకోవాలంటే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ రాదు. ఆవు గుర్తుకు రాలేదు. చెంగు బిగించుకుని వచ్చిన పెద్దమ్మ మొహం ఒక్కటే గుర్తుకొచ్చింది, నీ మీద ఉండాది అన్నప్పటి మొహం. ట్రైలరు బోల్తా పడి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. దాన్ని చివరిదాకా ఆలోచించే ధైర్యం లేకపోయింది. డాక్టరమ్మ అప్పటికే సంచీతో జీపులో కూర్చుని ఉంది. జీపును వచ్చిన దారికే తిప్పాను. దారంతా బ్రేకు తొక్కినప్పుడల్లా హారన్ ఒక్కటే మాట్లాడింది.

రైలు గేటు మిట్ట కింద, రోడ్డు పక్క గడ్డిలో ట్రైలరు మూతి నేలకు ఆనించి నిలబడి ఉంది. మెల్లగా వెనక్కి జారి గట్టుకు తగులుకుని ఆగిపోయిందట. దారిన పోయే నలుగురు పలకలు పట్టి ఆవును దించారు. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ నడిపిస్తోంది, ఏదో చెబుతూ. ఆమెకు దెబ్బ తగల్లేదని చూశాక నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా మొహం తుడుచుకున్నాను.

దూడ ముందుకాళ్ళ గిట్టలు అప్పటికే కనబడుతున్నాయి. డాక్టరమ్మ సంచీలోంచి తాడు తీసి, చెయ్యాల్సిందంతా చేసి, ఒక కొస నా చేతిలో పెట్టింది.

"నొప్పి వచ్చినప్పుడే లాగాలి. మెల్లగా. ఇది ట్రైలరు కాదు."

నా జన్మలో అంత జాగ్రత్తగా ఏదీ లాగలేదు. ఎండ నెత్తికెక్కే వేళకు నల్లటి పెయ్యదూడ గడ్డి మీద పడింది. ఆవు వెనక్కి తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది. పెద్దమ్మ అక్కడే కూలబడి ఆవు మూతిని ఒళ్ళోకి తీసుకుంది.

"కుదుపులు ఆగి, కాస్త నడవడం దానికి మంచిదే అయింది," అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. నా మొహంలో ఏదో వెలుగు కనబడినట్టుంది, వెంటనే "ఇందులో మీ గొప్పేమీ లేదు," అని కూడా అంది.

పెద్దమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అరిసినాను," అంది నిమ్మళంగా. "గొంతు పోయేదాకా అరిసినాను. బస్సు తోలే ఆయప్ప హారన్ కొట్టినాడు. అంగడికాడోళ్ళు సేతులు ఊపినారు. నువ్వు తిరిగి సూడకుండానే సెయ్యి ఊపి పోతివే."

"తప్పయిపోయినాది పెద్దమ్మా. ఏం సెయ్యమంటావో సెప్పు."

"కాణిపాకానికి పద. స్వామి ముందర పెమాణం సెయ్."

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసేవాడు మా వైపు ఉండడు. ఆ ఆదివారం పెద్దమ్మ నన్ను అక్కడ వరసలో నిలబెట్టింది. నాకు ముందున్నాయన సారాయి మానేస్తానని ప్రమాణం చేశాడు. అతని ముందున్నాయన పేకాట వదిలేశాడు. నా వంతు వచ్చింది.

"నువ్వేం మానుకుంటావు నాయనా?" అన్నాడు పూజారి.

"యెనక్కి సూడకుండా బండి తీయడం మానుకుంటాను స్వామీ."

ఆయన అప్పటివరకు ఎన్ని ప్రమాణాలు విన్నాడో గానీ, ఇది విని మాత్రం హారతి పళ్ళెం కింద పెట్టి నా వంక చూశాడు. "తాగినావా?" అని అడిగాడు. పక్కనుంచి పెద్దమ్మే బదులు చెప్పింది. "తాగలేదు సామీ. తాగకుండానే ఇట్లుంటాడు."

తర్వాత రెండేళ్ళకు నాకు పెళ్ళయింది. మా ఆవిడ కొంగుకూ నా కండువాకూ ముడి వేశారు. ఏడడుగులకు లేవబోతుండగా పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, ముడిని రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజి చూసింది. అయ్యవారు మంత్రం ఆపేశాడు.

"ఏమి తల్లీ?"

"ఏమీ లేదు సామీ, మీరు కానీండి. ఈడు యెనక ఏముండాదో సూసుకోకుండా పోయే రకం. ఒకతూరి నన్ను పోగొట్టినాడు. పిల్ల కొత్తది, దారి తెలీదు."

పందిరంతా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది, అప్పటికి ఆమెకు కథ తెలియదు. నేను మాత్రం కాణిపాకం స్వామిని తలచుకుని, ఏడడుగులూ మెడ వెనక్కి తిప్పే నడిచాను. చుట్టాలు అది ప్రేమ అనుకున్నారు. ఇన్నేళ్ళుగా మా ఆవిడ కూడా అలాగే అనుకుంటోంది. నేను కాదనలేదు, ప్రమాణంలో ఆ సంగతి లేదు. కాబట్టి సకల జనులారా, సాక్షిగా వినండి. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు నేను జీపు తీసినా, సైకిలు తీసినా, చివరికి నలుగురు నన్నే మోసుకుపోయే రోజు వచ్చినా, ముందు వెనక్కి తిరిగి మా పెద్దమ్మ ఉందో లేదో చూసుకునే కదులుతాను.