నాగేశప్ప కడుపులో సంగతి

వేప్పనపల్లి చుట్టుపక్కల ఎద్దు చేతులు మారాలంటే మా నాగేశప్ప మామ తువ్వాలు కప్పాల్సిందే. ఆ తువ్వాలు కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాడు. చుట్టూ వందమంది నిలబడి చూసినా బేరం ఆ ఇద్దరికే తెలిసేది. ముప్పై ఏళ్ళు సంతలో గుట్టు దాచి బతికిన అలాంటి దళారి దగ్గరే 1997లో ఇంట్లోవాళ్ళు ఒక గుట్టు దాచబోయారు. తెలివి ఉన్నవాళ్ళు చేసే పనేనా?

కడుపునొప్పి అని హోసూరు ఆసుపత్రికి వెళితే, పరీక్షలయ్యాక డాక్టరు మామను బయట కూర్చోబెట్టి కొడుకు గోపీనాథ్‌ను, నన్ను లోపలికి పిలిచాడు. పేగులో క్యాన్సర్ గడ్డ, పదిరోజుల్లో ఆపరేషన్ చేయాలి, పెద్దాయనకు చెబితే బెదిరిపోతాడు అన్నాడు. బయటికి వచ్చి మామతో మాత్రం ఉత్త పుండే, కోసి తీసేస్తే సరిపోతుందన్నాడు. మేమిద్దరం గంగిరెద్దుల్లా తలలూపాం.

ఇంట్లో మంజులమ్మత్త, అడిగితే తప్ప రెండో ముద్ద వేయని మనిషి, అడక్కుండానే నెయ్యి పోసి వడ్డించింది. ఎప్పుడూ విసుక్కునే గోపీ కాళ్ళు పట్టాడు. మామకు అనుమానం వచ్చేసింది. సంతకు తోలే ముందు ఎద్దును కూడా ఇలాగే కడిగి, మేపి, ముద్దుచేస్తారు మరి.

ఆపరేషన్ రోజు డాక్టరు ఒప్పుదల కాగితాన్ని గోపీ ముందుకు జరిపాడు. మామ లేచి తన తువ్వాలు తీసి డాక్టరు చేతిమీద కప్పాడు. ఆ తరువాత డాక్టరు కంటతడి పెట్టాడని మామ ఇప్పటికీ ఊరంతా చెబుతాడు. అబద్ధం. నేనక్కడే ఉన్నాను, బిత్తరపోయాడంతే.

"నోటితో చెప్పేదానికి కష్టమైతే నా వేళ్ళు పట్టుకోండి సార్. కోస్తే పదిమందిలో ఎంతమంది లేస్తారు?"

తువ్వాలు కింద డాక్టరు మామ అయిదు వేళ్ళూ పట్టి వదిలి, ఇంకొకటి పట్టుకున్నాడట, అంటే ఆరుగురని. కోయకపోతే అని మామ అడిగితే ఒక్క వేలే పట్టుకున్నాడట. అప్పుడు మామ తువ్వాలు తీసేసి జబ్బు పేరు అడిగాడు. డాక్టరు ఈసారి దాచలేదు. కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించాడు కూడా. గోపీ వెక్కివెక్కి ఏడ్చాడు. నాకైతే సిగ్గేసింది.

భయంగా లేదా అని డాక్టరు మెల్లగా అడిగాడు.

"లేకేమి సార్. పది దినాలుగా నా భయాన్ని మీరందరూ మోస్తా ఉండారు. అది నాది, నాకిచ్చేయండి."

కాగితం తన వైపు లాక్కున్నాడు. సంతకం చోట తన పేరు మొత్తం రాశాడు.