జంఖానాకు రెండో కొస

చిట్టీ, యాడుండావే? ఇలా పిలిస్తే ఇప్పుడు పలికేవాళ్ళు లేరు. నా కూతురు పోయిన నెల జ్వరంతో ఆసుపత్రిలో చేరి, అయిదో రోజు పొద్దున కన్నుమూసింది. ముప్పై ఒక్క ఏళ్ళు. ఏడుస్తూనే రాస్తున్నాను గాని, నా లోపల ఏడుపుకంటే గర్వమే ఎక్కువగా ఉంది. పెద్దగా చదువుకున్నదాన్ని కాను, తప్పులుంటే సర్దుకోండి.

మేముండే చందాపురలో మా సంఘానికి సొంత గుడి లేదు. ఒక మేడమీది హాలు అద్దెకు తీసుకుని, నేలమీద పొడుగాటి జంఖానాలు పరుచుకుని ఆరాధన చేసుకుంటాం. అయిపోయాక మడిచి పెట్టేస్తాం. వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే నా కూతురు, ఆదివారం కూడా వచ్చేవాళ్ళను లోపలికి పిలవడానికి తలుపు దగ్గర నిలబడేది. కొత్తగా వచ్చినవాళ్ళను అందరి ముందూ లేపి పేరు చెప్పించడం దానికి నచ్చేది కాదు. "ఇవేమన్నా పెళ్ళిచూపులా అయ్యగారూ?" అని పాస్టరుగారినే నవ్వుతూ అడిగి ఆ అలవాటు మాన్పించింది.

దాని పద్ధతి వేరు. ఆరాధన ముగియగానే జంఖానా ఒక కొస ఎత్తి, కొత్తామెను పిలిచేది. "అక్కా, ఆ కొస పట్టుకో. ఒక్కదాన్నే మడిస్తే వంకరగా వస్తాది."

"వచ్చినోళ్ళతో పని చేయిస్తావా? మర్యాద లేదే నీకు?" అని తిట్టాను.

"కుర్చీ ఏస్తే చుట్టమైపోతారు మా. కొస పట్టిస్తే ఇంటిమనిషి."

ఒకసారి నేనే చెడగొట్టాను. గుంటూరు వైపునుంచి పనికి వచ్చిన ఒకామె బిడ్డను చంకనేసుకుని ఆరాధనకు వచ్చింది. ప్రేమగా పలకరిస్తున్నాననుకుని, ఇంటిపేరేమి, ఊళ్ళో ఏ వీధి అని అడిగాను. ఆమె ముఖం వాడిపోయింది. తరువాత రెండు ఆదివారాలు రాలేదు.

సంగతి తెలిసి నా కూతురు అన్నం ముందునుంచి లేచింది. "నువ్వడిగింది పేరు కాదు మా, కులం."

"మనోళ్ళేమోనని అడిగితినే!"

"కాకపోయుంటే ఏం చేస్తాంటివి?"



ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని ఆమె గదికి వెళ్ళింది. "తప్పయిపోయింది తల్లీ" అన్నాను. ఆమె టీ పెట్టింది. వచ్చేసేటప్పుడు నా కూతురు, "ఆదివారం చేతులు తక్కువైనాయి, రా అక్కా" అంది. వచ్చింది. ఆ రోజు జంఖానా ఒక కొస ఆమెకిచ్చి, రెండోది నా చేతిలో పెట్టి, "మీరే మడవండి" అని వెళ్ళిపోయింది. వంకరగానే వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

నా బిడ్డను మట్టిచేసి వచ్చిన రోజు నేను గోడకానుకుని ఉండిపోయాను. ఆ గుంటూరామె ఎవరినీ అడగకుండా నా వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలన్నీ మూతలు తీసి చూసుకుని చారు కాచింది. "లేవమ్మా" అని ముద్ద కలిపి పెట్టింది. సొంత అక్కచెల్లెళ్ళు చుట్టూ ఉండగా ఆమె చేతి ముద్దే నా గొంతు దిగింది. సంఘమంటే ఏందో నా కూతురు నాకు చూపించి పోయింది.

ఈ ఆదివారం దాని జ్ఞాపకార్థ కూడిక, అదే హాల్లో. ఎప్పుడూ రానివాళ్ళు కూడా రండి. తలుపు దగ్గర నేనుంటాను. పేరు చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకుంటే లేదు. మేమందరం కలిసి వండుతున్నాం, అన్నం, పప్పుచారు, వంకాయ కూర. మొహమాటపడకుండా కడుపునిండా తినండి.