అమ్మ నంబరు

అమ్మ పోయిన మూడో వారం మళ్లీ పనిలోకి వెళ్లాను. ఆబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్షిస్తాను.

పరీక్ష చేసే గది ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. గోడ మీద వెలిగే అక్షరాలు తప్ప ఏమీ కనిపించదు. బయటి బస్సుల హారన్లు అక్కడికి నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ఆ రోజుల్లో నాకు ఆ గదిలోనే నయంగా ఉండేది. నా ముఖం ఎవరికీ కనపడదు. ఎవరైనా పలకరిస్తే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని.

ఒక మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ వైపు నుంచి నడిచి ఒక పెద్దావిడ వచ్చింది. లెన్సులు మారుస్తూ ఇది బాగుందా, అది బాగుందా అని అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాననే అనుకున్నాను. చీటీ రాసి ముందుకు పంపాను.

కాసేపటికి లెన్సులు బిగించే పెద్దాయన ఆ చీటీతో లోపలికి వచ్చాడు. ఎన్నో ఏళ్లుగా నన్ను మేడం అనే పిలుస్తాడు.

"ఇది గామె నంబర్ కాదు మేడం. అమ్మ నంబర్."

చూశాను. రెండు కళ్లకూ అమ్మ నంబర్లే, ఎడమ కంటి లెన్సు తిప్పి బిగించాల్సిన కోణంతో సహా. అమ్మ జోళ్లు మూడుసార్లు బిగించింది ఆయనే.

ముందు నాకు గుర్తొచ్చింది అమ్మ కాదు, ఉద్యోగం. ఇది యజమానికి తెలిస్తే ఇంకెవరి కళ్లూ నా చేతిలో పెట్టడు. పెట్టకపోవడమే న్యాయం. తొందరలో పొరపాటైంది, వేరే చీటీ రాసిస్తానన్నాను. ఆయన పాతది ఇవ్వలేదు.

"మల్ల రేపు గిట్లనే రాస్తవు. నేనైతే సేటుకు చెప్ప. గామెకు మాత్రం నువ్వే చెప్పాలె, బిడ్డా."

ఆవిడ ఇంకా ఫ్రేములు పెట్టి చూసుకుంటోంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. లైటు ఆర్పాక చెప్పాను, మీ చీటీలో మా అమ్మ నంబరు రాశానని, అమ్మ లేదని. ఆ రెండో మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆవిడ చీకట్లో తడిమి నా మోచేయి పట్టుకుంది. మీ అమ్మకు దూరం కనిపించేది కాదా, దగ్గరా అని అడిగింది.

దూరం, అన్నాను. గోడ మీద అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయి. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"జల్దేం లేదు. నీకు కనవడ్డంకనే అడుగు."

పై వరుస అక్షరాలు నాకు తేటపడ్డాక అడిగాను, ఇది బాగుందా, అది బాగుందా అని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను.