మరిది ఒంటిమీద ఊదారంగు కోటు

ఓష్ బజారులో ఎండబెట్టిన ఉప్పుపెరుగు ఉండలు అమ్మే బురుల్చా నోటికి జడిసి వీధికుక్కలు కూడా దారి మార్చుకునేవి. పక్క కొట్లోనే వాల్‌నట్లు అమ్మేదాన్ని కాబట్టి నాకా వీలు లేకపోయింది.

ఆ చలికాలం ఆవిడ పెద్దపేగులో గడ్డ తీసేశారు. మా పద్ధతి ప్రకారం క్యాన్సరు అన్న మాట ఇంటిల్లిపాదికీ తెలియాలి, రోగికి తప్ప. "పుండు వదినా, చిన్న పుండు" అని మరిది జోకోన్ రోజూ బొంకేవాడు. ఆవిడ బుద్ధిగా తలూపి, వాడటు వెళ్ళగానే నాతో, "పుండుకి ఇంతమంది ఏడుస్తారుటే? నాకు తెలిసిందని చెప్పకు, పాపం కష్టపడి అబద్ధమాడుతున్నాడు" అంది.

తీసిన ముక్కకి రంగు పట్టించి, అందులో ఒక ఎంజైము ఎంత ఉందో చూస్తానంది డాక్టరమ్మ. రోగం మళ్ళీ వస్తుందా రాదా అన్నది దాన్నిబట్టి కొంత అంచనా వేయొచ్చట. ఫలితం కోసం జోకోన్ వెళ్ళాడు. "ఎంజైము దండిగా ఉంది" అన్న ముక్క చెవిన పడగానే మిగతాది వినకుండా పరుగెత్తుకొచ్చాడు. వాడి తప్పేముంది? విందులో గొర్రెమాంసం గొంతుదాకా తిన్నాక మేమంతా మింగేది ఎంజైము బిళ్ళే. అది ఒంట్లోనే దండిగా ఉంటే ఇంకేం కావాలి?

"సూయున్చు వదినా" అని బజారంతా వినపడేలా కేకేశాడు. శుభవార్త తెచ్చినవాడు ఆ మాట అంటే అప్పటికప్పుడు ఏదో ఒకటి చేతిలో పెట్టాల్సిందే. బురుల్చా ఒంటిమీది ఊదారంగు కోటు విప్పి ఇచ్చేసింది. బయట మంచు కురుస్తోంది. ఆవిడ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ పద్ధతీ గిద్ధతీ పక్కనపెట్టి వదినామరుదులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఈ ఎంజైము దండిగా ఉంటే రోగం తిరగబెట్టే అవకాశం ఎక్కువట. అందుకని వసంతమంతా మందు ఎక్కించాలట. జోకోన్ కోటు మడిచి తెచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు.

"తీసుకో వదినా. నేనొట్టి గాడిదని."

"అది నాకు ఎప్పుడో తెలుసు. సూయున్చు వెనక్కి తీసుకుంటే ఆ వార్త కూడా పోయినట్టే. నాకు ఆ వార్త కావాలిరా. తొడుక్కో. మందెక్కించే ప్రతిసారీ ఈ కోటుతోనే నన్ను తీసుకెళ్ళాలి."

తీసుకెళ్ళాడు. అంతెత్తు మనిషి, మోచేతులు దాటని ఆడకోటులో ఇరుక్కుని ఆసుపత్రి వరండాలో కూర్చునేవాడు. నర్సులు నవ్వేవారు. వాంతులతో వాడిపోయిన బురుల్చా కూడా వాణ్ణి చూడగానే నవ్వేది. అసలు అందుకే తొడిగించిందని నా అనుమానం.

ఎండలు ముదిరాక స్కానింగు తీశారు. "ప్రస్తుతానికి ఏమీ కనబడట్లేదు" అంది డాక్టరమ్మ.

బయటికొచ్చాక బురుల్చా ముక్కు మూసుకుంది. "చెమట కంపు కొడుతున్నావు. ఇక విప్పరా."

జోకోన్ పై బొత్తాం కూడా పెట్టుకున్నాడు.

"ప్రస్తుతానికి అన్నారు కదా వదినా. ఇంకొన్నాళ్ళు ఉండనీ."